కుండీకి ఎన్ని బస్తాల యూరియా?

మా పెనుబల్లి వైపు చాలా ఇళ్ల వసారాలో ఒక యూరియా బస్తా ఉంటుంది, పత్తికో మిర్చికో వేయగా మిగిలింది. నాలుగడుగుల దూరంలో కుండీలు: గులాబీ, మందారం, చామంతి. రెండూ చేతికందేలా ఉంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఓ గుప్పెడు పడుతుంది.

మా పిన్ని నాలుగేళ్లుగా పెంచుతున్న గులాబీకి అదే జరిగింది. ఆకుల అంచులు కాలినట్టయ్యాయి, కొమ్మలు వాలిపోయాయి. వీడియో కాల్‌లో చూపిస్తూ "నీళ్లు పోస్తూనే ఉన్నా కదరా, ఇంకెందుకు వాడిపోతోంది?" అంది.

లెక్క చూద్దాం (కోడ్ రాసేవాళ్ల జబ్బు ఇది). ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. 45 కిలోల బస్తా ఎకరమంతా చల్లితే చదరపు మీటరుకి 11 గ్రాములు పడుతుంది. పది అంగుళాల కుండీ పైభాగం 0.05 చదరపు మీటరు. దాని వాటా అర గ్రాము పైచిలుకు, అంతే! గుప్పెడు 40 గ్రాములనుకున్నా, ఎకరానికి 70 బస్తాలు గుమ్మరించినట్టు. టీస్పూనుతో 5 గ్రాములు వేసినా తొమ్మిది బస్తాల లెక్క. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి ఎదురుచూసిన రైతులకి ఈ సంగతి చెబితే ఏమంటారో!

పొలంలో ఎక్కువైనా కొంత వానకి కిందికి దిగిపోతుంది, వేరు పక్కకి పాకుతుంది. కుండీలో వేరుకి పారిపోయే దారి లేదు. మట్టిలో ఉప్పు పెరిగితే నీళ్లున్నా వేరు లాక్కోలేదు. పిన్ని అడిగినదానికి జవాబు అదే.

విరుగుడు కూడా నీళ్లే, కానీ చెంబుతో కాదు. పైన కనిపించే గింజలు ఏరేసి, కుండీ పట్టేదానికి మూడు నాలుగింతల నీళ్లు నెమ్మదిగా పోసి, కింద బెజ్జంలోంచి పూర్తిగా కారనివ్వాలి. కింది పళ్లెంలో నీళ్లు పారబోయాలి. ఆ తర్వాత కొత్త చిగురు వచ్చేదాకా ఏ ఎరువూ వద్దు. పిన్ని గులాబీకి మూడో వారంలో చిగురు కనిపించింది. మొగ్గ మాత్రం ఇంకా లేదు.

అసలు పూల మొక్కకి ఒట్టి యూరియా ఎందుకు? నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా వస్తుంది, పువ్వు రాదు. నీళ్లలో కరిగే 19-19-19 లీటరుకి ఒక గ్రాము, పదిహేను రోజులకోసారి, తడిమట్టి మీదే పోయండి. బాగా మాగిన పశువుల ఎరువు దొరికితే నెలకో గుప్పెడు. ఇది మాత్రం గుప్పెడే, భయం లేదు.

నీళ్లకి టైమ్‌టేబుల్ పెట్టుకోకండి. వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూడండి, పొడిగా ఉంటేనే పోయండి. మే ఎండల్లో చిన్న కుండీలకి రెండు పూటలా కావాలి, ముసురులో నాలుగు రోజులైనా అక్కర్లేదు. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేస్తే అది ఎండ దెబ్బ. పొద్దున్నే వాలి ఉంటే దాహం. మట్టి తడిగా ఉండీ వాలితే వేరు దెబ్బతింది, ఇంకా పోస్తే చంపేసినట్టే.

ట్రాలీ ఆటోలో వచ్చే కడియం మొక్కల వేళ్లకి చాలాసార్లు గట్టి బంకమట్టి ముద్ద ఉంటుంది. నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. అలాంటివాటికి ఒకసారి పోసి, పది నిమిషాలాగి మళ్లీ పోయాలి.

మల్లె లెక్క వేరు. డిసెంబరులో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఆ తర్వాతే ఎరువూ నీళ్లూ ఇవ్వాలి. మా అమ్మ దగ్గర ఈ మాటెత్తితే చాలు, చెంబు పట్టుకుని మల్లెకుండీ వైపే వెళ్తుంది.