మూడు కిలోమీటర్ల రాత్రి

"దగ్గరే ఉంది కదమ్మా, నడిచి పో." రాత్రి పది దాటాక హబ్సిగూడ మెట్రో స్టేషన్ మెట్లు దిగి నాచారం వైపు ఆటో అడిగిన ఆడవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. ఉప్పల్ రింగ్‌రోడ్డులో వరంగల్ బస్సు దిగి చిలకానగర్, రామంతాపూర్, బోడుప్పల్ పోవాలనుకునే వాళ్లకూ ఇదే జవాబు. యాప్‌లో బండి పిలిస్తే ముందు ఫోను వస్తుంది: "ఎక్కడికి? క్యాషా, ఆన్‌లైనా?" నాచారం అని చెప్పగానే అవతలివైపు ఫోను కట్టవుతుంది. దూరం తక్కువ కాబట్టి కిరాయి తక్కువ. కిరాయి తక్కువ కాబట్టి బండి రాదు. బండి రాదు కాబట్టి ఆ దూరమంతా ఆమె చీకట్లో నడవాలి. ఇల్లు దగ్గరగా ఉండటమే ఆడదానికి ప్రమాదంగా మారిన వింత మన నగరంలో ఉంది.

దీన్ని అందరూ చిన్న చికాకుగానే చూస్తారు. బేరం కుదరలేదు, బండి దొరకలేదు, అంతే కదా అంటారు. మనం అనేది వేరు. రాత్రిపూట ఒక స్త్రీని ఎక్కించుకోకపోవడం ఆమె భద్రతకు సంబంధించిన విషయం. ఎక్కిన బండిలో ఏం జరుగుతుందన్నది ఎంత ముఖ్యమో, బండి దొరకని ఆ అరగంట ఆమె ఎక్కడ, ఎవరి మధ్య నిలబడిందన్నదీ అంతే ముఖ్యం.

ఢిల్లీలో 2012 డిసెంబరు 16 రాత్రిని దేశమంతా గుర్తుపెట్టుకుంది. కానీ ఆ రాత్రి ఎలా మొదలైందో ఎంతమందికి గుర్తుంది? సాకేత్‌లో సినిమా చూసిన ఆ అమ్మాయి, ఆమె స్నేహితుడు ద్వారక వెళ్లాలి. అంత దూరం రావడానికి ఆటో దొరకలేదు. మునిర్కా దాకా ఆటోలో వచ్చి, అక్కడ ఆగిన ప్రైవేటు బస్సు ఎక్కారు. తర్వాత జరిగింది మళ్లీ చెప్పనక్కర్లేదు. రామన్న డ్రైవరు నేరస్థుడని మనం అనడం లేదు. కానీ భద్రంగా ఇల్లు చేరే దారి మూసుకుపోయినప్పుడే, తెరిచి కనిపించిన ఏ తలుపైనా ఎక్కాల్సి వస్తుంది. అక్కడ దూరం ఎక్కువని రాలేదు, ఇక్కడ తక్కువని రారు. ఆడదాని అవసరం మాత్రం ఏ దూరానికీ లెక్కలోకి రాదు.

ఇన్నేళ్లుగా ప్రభుత్వాలు చేసిన ఏర్పాట్లను వరసగా చూడండి. 2013 అక్టోబరులో మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కారెక్కితే అపహరించి అత్యాచారం చేశారు. 'అభయ' కేసుగా అందరికీ తెలిసింది. మరుసటి ఏడాది అక్టోబరులో షీ టీములు వచ్చాయి. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఊబర్ టాక్సీ డ్రైవరు అత్యాచారం చేశాక యాప్ కంపెనీలు డ్రైవర్ల తనిఖీ, ఆపద బటన్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టాయి. 2024 మార్చిలో తెలంగాణ పోలీసులు టీ-సేఫ్ తెచ్చారు. ప్రయాణిస్తున్న స్త్రీ ఎటు పోతోందో గమనిస్తూ ఉండే సేవ అది. ఇవన్నీ ఉండాల్సినవే, కాదనడం లేదు. కానీ ఇవన్నీ ఎక్కడ మొదలవుతున్నాయి? బండి ఎక్కాక. ఎక్కించుకోవడానికి ఎవరూ ఒప్పుకోని స్త్రీ ఏ తెరమీదా చుక్కగా కనిపించదు. ఆమె ప్రయాణం మొదలే కాలేదు కాబట్టి ఏ లెక్కలోనూ లేదు.

ప్రభుత్వానికి ఇంకో అలవాటు ఉంది. రాత్రి ప్రమాదకరమైతే రాత్రిని బాగుచేయడం మాని, ఆడవాళ్లను రాత్రిలోంచి తీసేయడం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర 'దిశ' హత్య జరిగాక అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు డిసెంబరు 1న ఆర్టీసీ కార్మికులతో సమావేశమై, మహిళా ఉద్యోగులకు రాత్రి 8 తర్వాత డ్యూటీలు వేయవద్దన్నారు. కండక్టర్ల పనిగంటల కష్టం నిజమే. కానీ ఆ సమయంలో ఆ మాట ఇచ్చిన సందేశం ఏమిటి? మీరు ఇంట్లో ఉండండి అనే కదా! ఆ తర్వాత అయిదు రోజులకు నలుగురు నిందితులను ఎన్‌కౌంటర్ చేస్తే పూలు చల్లారు. చంపే ఉద్దేశంతోనే వాళ్లమీద కాల్పులు జరిపారని సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ తూటాలవల్ల ఏ రోడ్డు మీదా ఒక్క దీపం వెలగలేదు, ఒక్క బస్సు పెరగలేదు.

"అసలు అంత రాత్రి వేళ ఎందుకు తిరగాలి?" అనేవాళ్లు ఒక్కసారి ఉప్పల్, నాచారం వచ్చి చూడాలి. నాచారంలో పారిశ్రామికవాడ ఉంది, ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. షిఫ్టు దిగే కార్మికురాలు, డ్యూటీ మారే ఆయా, రోగికి అన్నం ఇచ్చి తిరిగొచ్చే కూతురు, మాల్‌లో కౌంటర్ మూసి వచ్చే అమ్మాయి, పెళ్లిళ్లలో వంటపని చేసి వచ్చే మనిషి, వీళ్లెవరూ షికారుకు తిరగడం లేదు. ఐటీ కంపెనీల్లో చాలావాటికి ఇంటి ముందు దింపే క్యాబ్ ఉంటుంది. పడమటి ఐటీ ప్రాంతంలో షీ షటిల్ బస్సులూ నడిపారు. తూర్పున కాంట్రాక్టరు కింద పనిచేసే స్త్రీకి గేటు దాటాక యజమానే లేడు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు స్త్రీలు తమ అంగీకారంతో రాత్రిపూట పనిచేయవచ్చన్నాయి, భద్రత కల్పించాలని షరతు పెట్టాయి. రాత్రి పనికి తలుపు తెరిచి, రాత్రి ఇంటికి పోయే దారి చూపకపోతే అది స్వేచ్ఛా, చౌక శ్రమా?

ఇక డ్రైవర్ల సంగతి. వాళ్లను తిట్టి చేతులు దులుపుకోవడం మనకు ఇష్టం లేదు. వాళ్లలో ఎక్కువమంది మన బస్తీల మనుషులే. నగరంలో ఆటో మీటరు రేటును 2014లో మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 11 రూపాయలుగా నిర్ణయించారు. తర్వాత ఏళ్లు గడిచినా సవరించలేదు. ఆ లెక్కన మూడు కిలోమీటర్లకు వచ్చేది సుమారు 35 రూపాయలు. నాచారం లోపలి గల్లీ నుంచి ఖాళీగా తిరిగి రావాలి. ఈలోగా ఉప్పల్‌లో దూరపు గిరాకి పోతుంది. కిరాయి బండి నడిపేవాడు రాత్రికి ఓనరుకు కట్టాల్సింది కట్టాలి. 2023 డిసెంబరు 9న స్త్రీలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలయ్యాక తమ గిరాకి పడిపోయిందని ఆటోవాళ్లు రోడ్డెక్కారు. వాళ్ల బాధ నిజమే. కానీ ఆ కోపం స్టాండు దగ్గర నిలబడిన ఆడమనిషి మీద చూపితే ఒప్పుకోం. "ఒక్కరే ఉన్నారా?" అని ఎగాదిగా చూసి, "డబుల్ ఇస్తే వస్తా" అనడం పేదరికం కాదు. ఆమె నిస్సహాయతను రేటు కట్టి అమ్ముకోవడం.

అయినా అసలు లాభం ఎవరిదో చూడాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్ ప్రకారం ప్రయాణికులను ఎక్కించుకోనని నిరాకరించడం నేరం. ఆనాడు రాసిన జరిమానా ఆటోకైతే 50 రూపాయలు, ఇతర వాహనాలకు 200 రూపాయల దాకా. 2019 సవరణ తర్వాత కూడా అది 500 దాటలేదు. కేంద్రం 2025 జులైలో యాప్ కంపెనీలకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సరైన కారణం లేకుండా ప్రయాణం రద్దుచేసే డ్రైవరుకు కిరాయిలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు జరిమానా. లెక్క వేయండి. 60 రూపాయల ప్రయాణాన్ని కాదంటే పడేది 6 రూపాయలు! 800 రూపాయల ప్రయాణానికి 80. అంటే దగ్గరి దూరం పోయే మనిషిని కాదనడమే అన్నిటికంటే చౌక. నిరాకరణకు నియమమే డిస్కౌంటు ఇస్తోంది. పైగా ఆ భారం డ్రైవరు మీదే. గిరాకి కలిపినందుకు కమిషనో, చందానో తీసుకునే కంపెనీకి మాత్రం, రింగ్‌రోడ్డులో వరసగా నలుగురు రద్దుచేస్తే మిగిలిపోయిన స్త్రీ పట్ల ఏ బాధ్యతా లేదు. అవే మార్గదర్శకాల్లో ఒక మంచి మాట ఉంది: ఖాళీగా వచ్చిన దూరానికి పరిహారంగా కనీస కిరాయి మూడు కిలోమీటర్లకు లెక్కకట్టాలని. మన మూడు కిలోమీటర్లకు సరిగ్గా సరిపోయే మాట. దాన్ని రాష్ట్రాలే అమలు చేయాలి.

ఏమీ చేయలేమని మాత్రం ఎవరూ చెప్పొద్దు. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రాత్రి చూడండి. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది, మెట్రో రైళ్లు మామూలు వేళ దాటి నడుస్తాయి, పోలీసులు బారులు తీరి నిలబడతారు. ఆ రాత్రి ఉప్పల్ వెలిగిపోతుంది. క్రికెట్ చూసి ఇంటికెళ్లే వాళ్లకోసం చేయగలిగింది, పనిచేసి ఇంటికెళ్లే వాళ్లకోసం ఎందుకు చేయరు? 2023లో రింగ్‌రోడ్డు మీద స్కైవాక్ కట్టారు. రోడ్డు దాటడానికి మంచిదే. ఆ మెట్లు దిగాక ఇల్లు చేరేది ఎలా? ఉచిత టికెట్టు ఉంది సరే, ఆ వేళకు లోపలి కాలనీలకు బస్సేది?

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. హబ్సిగూడ నుంచి నాచారం, మల్లాపూర్‌కూ, ఉప్పల్ రింగ్‌రోడ్డు నుంచి చిలకానగర్, బోడుప్పల్‌కూ చివరి మెట్రో వెళ్లిన అరగంట దాకా చిన్న బస్సులు నడపాలి. రింగ్‌రోడ్డులో దీపాలు, మరుగుదొడ్డి, పోలీసు మనిషి ఉన్న ప్రీపెయిడ్ ఆటో స్టాండు పెట్టాలి. మూడు కిలోమీటర్ల కనీస కిరాయిని ఆటోలకూ యాప్‌లకూ అమలుచేయాలి, ఆ తర్వాత కూడా రానంటే చర్య తీసుకోవాలి. రాత్రి నిరాకరణలను స్త్రీల భద్రత ఫిర్యాదులుగా నమోదుచేసి, ఎన్ని వచ్చాయో, కంపెనీలమీద ఏం చర్య తీసుకున్నారో బయటపెట్టాలి. కాంట్రాక్టు కార్మికురాలితో సహా రాత్రి షిఫ్టు చేసే ప్రతి స్త్రీనీ ఇంటిదాకా చేర్చే బాధ్యత యజమానిదే కావాలి.

ఆటో యూనియన్లు, గిగ్ కార్మికుల సంఘాలు ఈ కోరికల్లో సగం తమవేనని గుర్తించాలి. న్యాయమైన కిరాయి వాళ్లకు, నమ్మకమైన ప్రయాణం మనకు. ఇద్దరం విడివిడిగా కొట్లాడుకుంటే లాభపడేది కంపెనీలూ, చూస్తూ ఊరుకునే సర్కారూ. బస్తీ సమావేశాల్లో, సంఘం గ్రూపుల్లో ఈ విషయం మాట్లాడండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడినుంచి ఎక్కడికి అడిగితే రామన్నారో రాసిపెట్టండి. కాగితం మీద లేని కష్టాన్ని ఈ ప్రభుత్వం కష్టమని ఒప్పుకోదు.

మనకు కాపలా అక్కర్లేదు, కర్ఫ్యూ అసలే అక్కర్లేదు. ఇంటికి పోవడానికి బండి కావాలి.