పల్లె పాస్టరు కుంగుబాటు ఎవరికి పట్టింది?

నిరాశ పడటం అవిశ్వాసమని మన పల్లె పాస్టర్లకు నేర్పుతారు. నేర్పేవాళ్లే ‘లోన్ స్టార్’ మిషన్ కథను విశ్వాసవీరుల గాథగా చెబుతారు. ఆ కథ నిండా ఉన్నది నిరాశే గదా!

అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగు నేల మీద దిగారు, 1840లో నెల్లూరు చేరారు. ఇరవై ఏళ్లు దాటినా సంఘం పిడికెడే. మూసేద్దామన్న మాట బోర్డులో మళ్లీ మళ్లీ లేచింది. 1862లో జబ్బుతో అమెరికా వెళ్లిన జూయెట్ దొర, ఒంటరిగానైనా తిరిగిపోయి అక్కడే చస్తానన్నాడు. పాతిపెట్టడానికైనా ఒకడు తోడుండాలి గదా అనుకుని 1864లో జాన్ క్లౌను కూడా పంపారు. దొర నిరాశకు బోర్డు ఉంది, చందా ఉంది, ఓడ ప్రయాణం ఉంది.

ఆ నిరాశను పోగొట్టిందెవరు? మాదిగ యర్రగుంట్ల పేరయ్య. తానే వెతుక్కుంటూ వచ్చి 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు, పల్లెపల్లె తిరిగాడు. మాదిగలొస్తే మేం రామని పెద్దకులాలు మొండికేస్తే, క్లౌ మాదిగల పక్కన నిలబడ్డాడు. ఆ మాట ఒప్పుకోవాలి. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వే పని తీసుకుని మనోళ్లకు కూలి చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్రలో క్లౌ పేరు పెద్దక్షరాల్లో ఉంది. పేరయ్యది మాత్రం మూలన పడింది.

పేరయ్య వారసులే ఇవాళ్టి పల్లె పాస్టర్లు. వాళ్ల సంఘంలో వయసు పిల్లలేరీ? 1998లో సైబర్ టవర్స్ తెరిచినకాడ్నించి మాదాపూర్, గచ్చిబౌలి దారి పట్టారు. కొందరు గేటు కాడ కాపలా, కొందరు ఊడ్చే పని, కొందరు రిజర్వేషన్ లేని ప్రైవేటు కొలువుల్లో కంప్యూటర్ల ముందు. పోవడం తప్పు కాదు, పోవాల్సిందే. కానీ గుడిలో మిగిలింది ముసలమ్మలు, వాళ్లు తెచ్చే పిడికెడు బియ్యం. పాస్టరు వారమంతా కూలికి పోయి ఆదివారం ప్రసంగం చెబుతున్నాడు. చావొస్తే గుంట కాడ ఆయనే, కేసైతే స్టేషన్ కాడ ఆయనే.

ఆయనకే దెబ్బ తగిలితే? కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసును 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. క్రైస్తవుడయ్యాక అట్రాసిటీ చట్టం వర్తించదంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనకు దక్కింది బీసీ-సీ, ఒక్క శాతం. తిట్టేవాడు మాత్రం బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి తిట్టడు! ఇంత బరువు మోసేవాడు కుంగితే, ‘ప్రార్థన తక్కువైంది బ్రదర్’ అనడానికి నోరెలా వస్తుంది?

సైబరాబాద్ సంఘాల్లో తెరలున్నాయి, స్పీకర్లున్నాయి, ఇంగ్లీషు ఆరాధనలున్నాయి. అక్కడ దశమభాగం వేసేవాళ్లలో మన పల్లెల బిడ్డలూ ఉన్నారు. అందులో పల్లెకు వాటా ఏదని వాళ్లే లేచి అడగాలి. వచ్చే క్రిస్మస్‌కు ఊరికి పోయినప్పుడు చీరలు, కేకులతో సరిపెట్టకండి. పాస్టరయ్య పక్కన కూర్చుని, ఆయనకు జీతమంటూ ఏమన్నా ఉందా, ఎన్ని నెలల బాకీ ఉందో అడిగి రాసుకురండి.