గెలిచిన టీంకే గ్యారంటీ లేదు

ఓడిపోతే కోచ్ కొలువు పోతదని అందరికి ఎరుకే. గెలిచిన టీంనే ఎత్తేసిన ముచ్చట మాత్రం చానామందికి ఎరుక లేదు. అమెరికాల వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ రైఫిల్ టీం 1983 నుంచి 1998 దాక 13 సార్లు కాలేజీల నేషనల్ ఛాంపియన్‌షిప్ కొట్టింది. 2003ల పైసలు సరిపోతలేవని ఇంకొన్ని టీంలతోటి కలిపి దాన్ని కూడ బందువెట్టిండ్రు. అది బొగ్గు గనుల రాష్ట్రం, వేట తుపాకులు మామూలే. ఆ యూనివర్సిటీ గుర్తుగ గ్రౌండ్‌ల తిరిగే మనిషి చేతుల కూడ తుపాకే ఉంటది. గసొంటి జాగలనే రైఫిల్ టీం బరువైంది.

పాత ఆటగాళ్లు, అభిమానులు లొల్లి చేస్తే ఆ లొల్లి రాజకీయ నాయకుల దాక పోయింది. 2004ల టీంను మళ్ల తెచ్చిండ్రు. 2006ల స్కాట్లండ్ షూటర్ జాన్ హామండ్‌ను కోచ్‌గ పెట్టుకున్నరు. ఒకసారి పోయి వచ్చిన టీం అంటే చేతుల పెట్టేది కొలువే గాదు, భయం గూడ.

ఈ కొలువు ఎట్లుంటదో జెర చూడాలె. కాలేజీ రైఫిల్‌ల రెండు తుపాకులు. ఒకటి .22 స్మాల్‌బోర్, ఇంకొకటి ఎయిర్ రైఫిల్. ఒక్కోదాన్ల 60 షాట్లు. ఐదుగురు కాలుస్తే మంచిగ కొట్టిన నలుగురి పాయింట్లే లెక్కకొస్తయి. మొగపిల్లలు, ఆడపిల్లలు ఒక్క టీంల, ఒక్క లైన్ మీద నిలబడి కాలుస్తరు. 2010ల టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ అందరు అమ్మాయిలే ఉన్న టీంతోటి టైటిల్ కొట్టింది, గట్ల గెలవడం అదే ఫస్టు. ఇగ స్కాలర్‌షిప్‌లు చూస్తే టీం మొత్తానికి 3.6 కంటే ఎక్కువ ఇయ్యొద్దని ఏండ్ల తరబడి రూలుండె. ఆ మూడున్నర చిల్లరను కోచ్ పది మందికి ముక్కలు ముక్కలు చేసి పంచాలె. ఏ పిల్లకు ఎంత ఇస్తే ఉంటది, ఎంత తగ్గిస్తే వేరే కాలేజీకి పోతది అనేదే సగం కొలువు.

హామండ్ గా చిల్లరతోనే నడిపిండు. 2009ల టైటిల్, మళ్ల 2013 నుంచి 2017 దాక వరుసగ ఐదు, 2025ల ఇంకొకటి. మొత్తం 20 టైటిళ్లల్ల ఏడు ఈయన కాలంలనివే. కోచ్‌గ ఉంటనే 2010 ఢిల్లీ కామన్వెల్త్ ఆటలకొచ్చి 50 మీటర్ల ప్రోన్‌ల బంగారు పతకం పట్టుకపోయిండు. అదే ఆటలల్ల మన హైదరాబాద్ పోరడు గగన్ నారంగ్ నాలుగు బంగారాలు కొట్టిండు. చిత్రమేందంటే, అదే యూనివర్సిటీ పాత కోచ్ ఎడ్ ఎట్జెల్ కూడ కొలువుల ఉంటనే 1984 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌ల ప్రోన్ బంగారం గెలిచిండు.

మనకు దగ్గరి ముచ్చట 2012 లండన్‌ది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌ల గగన్‌కు కంచు వచ్చిన రోజు మనం పటాకులు కాల్చినం. ఆయనకు ఒక్క మెట్టు పైన, వెండితోటి నిలబడ్డ ఇటలీ పోరడు నికోలో కాంప్రియాని హామండ్ తాన చదువుకున్నోడే. నాలుగేండ్లకు రియోల మొదటి బంగారం కొట్టిన జిన్నీ థ్రాషర్ కూడ అప్పటికి అదే కాలేజీల ఫస్టియర్ పిల్ల. ఇదంత తుపాకి గొప్పతనం గాదు. ఒక మనిషిని ఒక్క కుర్చీల ఇరవై ఏండ్లు కూసోనిస్తే అయ్యే పని.

ఇప్పుడు ఆ కుర్చీలే ఊగుతున్నయి. 2025 జూన్‌ల అమెరికా కోర్టు ఒక సెటిల్‌మెంట్‌కు ఒప్పుకుంది. ఇగ నుంచి కాలేజీలు ఆటగాళ్లకు నేరుగ పైసలియ్యొచ్చు, మొదటి ఏడు ఒక్కో కాలేజీ 2.05 కోట్ల డాలర్ల దాక. ఇన్నేండ్లు టీవీలోళ్లు, కాలేజోళ్లు సంపాదించిండ్రు, ఆడేటోళ్లకు వాటా దొరకలె. కాబట్టి ఇది న్యాయమే, నేనైతే తప్పువట్ట. కని ఆ పైసలల్ల పెద్ద ముద్ద ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ పోరగాండ్లకే పోతది. అవి ఏడికెల్లి వస్తయి? టికెట్లు అమ్ముడువోని ఆటల కెల్లే కోసే ప్రమాదముంది. రైఫిల్ మ్యాచ్ టికెట్ కొనేదెవరు? 2003ల పైసల్లేక ఎత్తేసిండ్రు, రేపు పైసలు పంచనీకె ఎత్తేస్తమంటే 20 టైటిళ్లు అడ్డం పడుతయా అంటే నాకు నమ్మకం లేదు.

గీడ మన దిక్కు చూస్తే భయపడనీకె కుర్చీనే లేదు. గచ్చిబౌలిల షూటింగ్ రేంజ్ ఉంది, ఈషా సింగ్ అసొంటి పిల్లలున్నరు. వాళ్లు ఎదిగింది ఇంటోళ్ల ఖర్చుతోటి, ప్రైవేటు అకాడమీల తోటి. డిగ్రీ కాలేజీల తుపాకి పట్టుకున్నోళ్లల్ల ఎక్కువ మంది ఎన్‌సీసీ పుణ్యాన పట్టుకున్నోళ్లే. గగన్ ఇంటర్ కాలేజీ కోచ్ ఎవరని అడిగితే జవాబు చెప్పేటోడు దొరకడు.

నేను చదివిన కాలేజీల ఒక పీడీ సార్ ఉండె. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, అన్నింటికి ఆయనొక్కడే. ఎన్నికలొస్తే డ్యూటీ, పరీక్షలొస్తే ఇన్విజిలేషన్, అడ్మిషన్లప్పుడు కౌంటర్‌ల కూసునేది. ఎన్‌సీసీ పోరగాండ్లను క్యాంపుకు తీస్కపోయే ముందు రోజు రాత్రి సొంత పైసలతోటి మాకు బ్రెడ్డు, అరటిపండ్లు కొన్న మనిషి. ఆయన రిటైరైనంక ఆ పోస్టు నింపలె. మొన్న పోయి చూస్తే ఆటల సామాను రూం తాళంచెయ్యి ఆఫీసు సూపరింటెండెంట్ టేబుల్ సొరుగుల ఉంది.