వాయిదాల కారు, రెండు సర్కారుల సుంకము

అలంపురపు చౌరస్తా విడిచి తుంగభద్ర వంతెన యెక్కిన బండి నిమిషములలో కర్నూలు చేరును. ఈ దరిని తెలుగే, ఆ దరిని తెలుగే. బియ్యమునకు, మిరపకాయలకు, వియ్యములకు ఆ యేరు ఏనాడును అడ్డము రాలేదు. కాని అప్పు తీరని కారు నొకదానిని వెంట బెట్టుకొని కర్నూలు నుండి మహబూబునగరమునకు కాపురము మార్చుకొన్న గృహస్థునకు మాత్రము, ఆ నది యెంత లోతైనదో సంవత్సరము తిరుగునప్పటికి తెలియవచ్చును.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున 47వ సెక్షను ప్రకారము, ఒక రాష్ట్రమున నమోదైన బండిని మరియొక రాష్ట్రమున పండ్రెండు మాసములకు మించి యుంచుకొన్నవాడు క్రొత్త రాష్ట్రపు సంఖ్యకై దరఖాస్తు పెట్టుకొనవలెను. కర్నూలు బండికి వెనుక ఏ.పి. 21 ఉండెడిది. 2019 నుండి ఆంధ్రప్రదేశమునకంతకును ఏ.పి. 39 అను గుర్తు వచ్చినది. మహబూబునగరమునకు 06, నల్లగొండకు 05. ఈ మార్పును మేము ఆక్షేపింపము. బండి యెవరిదో, ఎచ్చట నున్నదో సర్కారునకు తెలిసియుండుట అవసరమే. మా ఆక్షేపణ యంతయు ఆ మార్పునకు ముందు నిలిచియున్న అప్పులవాని సమ్మతిని గూర్చియు, దాని వెనుక వచ్చు సుంకమును గూర్చియు.

అప్పుతో కొన్న కారు యొక్క ఆర్‌.సి. మీద బ్యాంకు పేరో, ఫైనాన్సు కంపెనీ పేరో హైపోతికేషనుగా వ్రాయబడి యుండును. ఆ పేరు గలవాడు సమ్మతించినగాని పాత రాష్ట్రపు కచ్చేరి ఎన్‌.ఓ.సి. ఇయ్యదు. అది లేనిదే క్రొత్త కచ్చేరి దరఖాస్తు పుచ్చుకొనదు. అప్పు ఇచ్చునప్పుడు ఇంటి గడప త్రొక్కిన కంపెనీ మనిషి, ఉత్తరము కావలసినప్పుడు కనబడడు. శాఖవారు ముంబయికో చెన్నపట్టణమునకో వ్రాయవలెనందురు. అచ్చటివారు శాఖవారినే అడుగు మందురు. అపరాధము గాని, వాయిదా బాకీ గాని లేని మనుష్యుడు మాసములకొలది ఒక కాగితపు ముక్కకై తిరుగుచుండును.

ఋణదాతకు భయ ముండుట సహజమే. కారే అతని తాకట్టు. అది యెల్ల దాటి, క్రొత్త ఆర్‌.సి.లో తన పేరు లేకుండ పోయినచో అతని సొమ్మునకు దిక్కేది? వాయిదాలు ఎగవేసినవానికి ఉత్తరము నిరాకరించుట న్యాయమేయని మేమును ఒప్పుకొందుము. కాని క్రొత్త ఆర్‌.సి. మీద సయితము అతని పేరు తిరిగి వ్రాయబడును. అప్పు అప్పుగానే నిలుచును, తాకట్టు తాకట్టుగానే నిలుచును. సక్రమముగా చెల్లించుచున్నవాని విషయమున ఆలస్యమునకు కారణము భయము గాదు, అశ్రద్ధ.

ఈ అశ్రద్ధకు మందు చట్టములోనే కలదు. అది చాలమందికి తెలియదు. 51వ సెక్షనులో ఋణదాతకు ఏడు దినములు మాత్రమే గడువు ఇయ్యబడినది. దరఖాస్తు చేరిన ఏడు దినములలో అతడు సమ్మతి పత్రమైన నియ్యవలెను, లేదా నిరాకరించుటకు కారణములను వ్రాసి తెలుపవలెను. రెండును చేయనిచో సమ్మతి ఇచ్చినట్లే భావింపవలెనని శాసనము. అప్పుడు తనకు జవాబు రాలేదని బండి యజమాని వాఙ్మూలము వ్రాసి యిచ్చిన చాలును. అటులనే పాత రాష్ట్రపు అధికారికి 48వ సెక్షను 30 దినముల గడువు పెట్టినది. అతడు నిరాకరింపక, ఇయ్యక ఊరకున్నను, ఆ గడువు గడచినంతట ఎన్‌.ఓ.సి. ఇచ్చినట్లే. పార్లమెంటువారు ఇంత ముందుచూపుతో వ్రాసిన మాట, కచ్చేరి కిటికీ యొద్దకు వచ్చునప్పటికి మూగవోవుచున్నది. వాఙ్మూలము చేతబట్టి వెళ్లినవానితో “కంపెనీ ఉత్తర మేది?” యనుటయే గాని, “ఏడు దినములు గడచినవా?” యని యడుగు గుమాస్తా అరుదు. చట్టము తెలిసిన పౌరుడు కచ్చేరికి తలనొప్పి యగుట మన దేశమున క్రొత్త గాదు.

ఇక సుంకము. కారునకు జీవితకాలపు సుంకమును కొన్ననాడే ఒక్కమారుగా పుచ్చుకొందురు. క్రొత్త కారునకు అది వెలలో నూటికి 10 పాళ్లను మించును. “జీవితకాలము” అను మాట విన్న అమాయకుడు అది కారు యొక్క జీవితమనుకొనును. కాదు, అది ఆ రాష్ట్రములో కారు నివసించు కాలము. ఎల్ల దాటిన పిదప కారు వయస్సును బట్టి తగ్గించిన సుంకమును క్రొత్త రాష్ట్రమున మరల చెల్లింపవలెను. పాత రాష్ట్రమున మిగిలిపోయిన కాలమునకు తగిన భాగమును తిరిగి పొందు హక్కు కలదు. కాని ముందు ఇచ్చట చెల్లించి, క్రొత్త సంఖ్య పుచ్చుకొని, ఆ సాక్ష్యముతో అచ్చటికి పోయి అర్థింపవలెను.

అప్పుతో కొన్నవాని గతి ఇంకను దయనీయము. షోరూములో కారు వెలతో పాటు సుంకమును గూడ కలిపి అప్పు నిచ్చు వాడుక కలదు. కనుక మొదటి రాష్ట్రపు బొక్కసమునకు చేరినది అతని సొమ్ము గాదు, అప్పు సొమ్ము. దానికి నెలనెల వడ్డీ కట్టుచునే, రెండవ రాష్ట్రమునకు చేతి సొమ్ము చెల్లింపవలెను. మొదటిది తిరిగి వచ్చు వరకు ఒక కారునకు రెండు సర్కారులు సుంకము గైకొనుచుండగా, వడ్డీని మాత్రము ఆ రెండింటిలో నేదియు భరింపదు.

కారు గలవాడు ధనికుడే గదా, వానికై ఈ విలాపమేల యని కొందరు అనవచ్చును. నల్లగొండ సీమ నుండి సోలాపురమునకు, భివండికి మగ్గములను నమ్ముకొని పోయిన కుటుంబములను ఎరిగినవారు ఆ మాట అనరు. పాలమూరి కూలీల వలసలు లోకవిదితములు. ఆ కుటుంబముల బిడ్డలు కొందరు నేడు వాయిదాలపై కారు కొని, దానిని అద్దెకు త్రిప్పియో, సొంత పనికి వాడుకొనియో నాలుగు రాళ్లు వెనుక వేసికొని, తలిదండ్రులు ముదిమి పాలగుట జూచి ఊరు చేరుచున్నారు. ఎం.హెచ్‌. 13 అను సోలాపురపు గుర్తుతో వచ్చిన ఆ కారే వారి యావదాస్తి. ఊరు వారికి స్వాగతము పలుకును. సర్కారు రసీదు పుస్తకము విప్పును.

చరిత్రను జూచిన ఈ వింత మరింత స్పష్టమగును. 1956 నవంబరు 1వ తేదీకి ముందు అలంపురము, గద్వాల తాలూకాలు రాయచూరు జిల్లాలోనివి. ఆనాడు రాయచూరు కన్నడ సీమకు పోగా, ఈ రెండు తాలూకాలును మహబూబునగరములో చేరినవి. 2014 జూను 2వ తేదీన రాష్ట్రమే మారినది. 2016లో జిల్లా మారి జోగులాంబ గద్వాల యైనది. బండ్ల మీద ఏ.పి. పోయి టి.ఎస్‌. వచ్చెను. 2024 మార్చిలో టి.ఎస్‌. పోయి టి.జి. వచ్చెను. ఇన్ని మార్పులలోను మన జిల్లాల పాత బండ్లు పాత సంఖ్యలతోనే తిరిగినవి, ఎవరును రెండవ సుంక మడుగలేదు. అది సరియైన పనియే. ఎల్ల జనుల మీదుగా నడచిన నాడు లేని సుంకము, ఒక మనుష్యుడు ఎల్ల మీదుగా నడచిన నాడు ఎందులకు?

మన పెద్దలకు నిజాము కాలపు కరోడ్‌గిరి నాకాలు జ్ఞాపకము. ఇంగ్లీషు ఇలాకా నుండి వచ్చు సరకును పొలిమేరలో నిలిపి సుంకము గుంజెడివారు. ఆ నాకాలు పోయినవి. దేశమంతట వర్తకము స్వేచ్ఛగా సాగవలెనని రాజ్యాంగపు 301వ అధికరణము, ఎచ్చటనైన సంచరింపవచ్చును, నివసింపవచ్చునని 19వ అధికరణము ఘోషించినవి. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్‌.టి. వచ్చి అమ్మకపు పన్ను చెక్‌పోస్టులను మూయించినది. లారీలోని సరకునకు దొరికిన స్వేచ్ఛ, కాపురము మార్చుకొను గృహస్థుని కారునకు ఇంకను దొరకలేదు.

2021లో కేంద్రమువారు బి.హెచ్‌. అను గుర్తును దెచ్చిరి. రెండేసి సంవత్సరములకు సుంకము కట్టుచు ఏ రాష్ట్రమునకైన పోవచ్చును. మంచి యేర్పాటే. కాని అది ప్రభుత్వోద్యోగులకును, నాలుగు రాష్ట్రములలో కచ్చేరులు గల కంపెనీల ఉద్యోగులకును మాత్రమే. దేవరకొండ విత్తనముల వర్తకుడు, మిర్యాలగూడ ధాన్యపు మిల్లు గుమాస్తా, నారాయణపేట చీరల వ్యాపారి ఆ పంక్తిలో కూర్చుండుటకు తగరట!

రాష్ట్రముల ఆదాయమునకు గండి పడునను వాదము నిలువదు. మిగిలిన కాలపు సుంకమును పాత బొక్కసము క్రొత్త బొక్కసమునకు నేరుగా పంపినచో, ఏ రాష్ట్రమునకును తన వంతు తగ్గదు. తేడా యున్న దానిని మాత్రము యజమాని కట్టును. ఇందుకు అధికారము లేదనుటయు పొసగదు. బండ్లపై పన్ను రాష్ట్రముల జాబితాలోనిదే యైనను, ఆ పన్నునకు సూత్రములను నిర్ణయించు విషయము ఉమ్మడి జాబితా 35వ పద్దులో నున్నది. పార్లమెంటు తలచిన చేయగలదు.

అంతవరకు బండి యజమానులు చేయవలసినది యొకటి. ఋణదాతకు నోటిమాట గాక తేదీతో దరఖాస్తు వ్రాసి, ముట్టినట్లు రసీదు పుచ్చుకొనుడు. ఎనిమిదవ నాడు 51వ సెక్షనును ఉదహరించి వాఙ్మూలముతో కచ్చేరికి పొండు. పుచ్చుకొననిచో ఆ నిరాకరణమును వ్రాతమూలముగా నడుగుడు. అట్టి నిరాకరణ పత్రములను చేకూర్చి నల్లగొండ, భువనగిరి, మహబూబునగరము, నాగర్‌కర్నూలు పార్లమెంటు సభ్యుల ముందుంచుడు. ఏడు దినముల శాసనము ఏ కిటికీ యొద్ద ఆగిపోవుచున్నదో రవాణా మంత్రిని సభలో అడుగవలసినవారు వారే.