స్టాక్... ఉందా? లేదా?

కోరుట్లలో ఏ కిరాణం దుకాణానికి వెళ్లి ఫలానా సబ్బు కావాలన్నా ‘స్టాక్ లేదు, రేపు వస్తది’ అన్న జవాబు మామూలే. బడి గడప తొక్కనివారి నోటా అలవోకగా పలికే మాట అది. అదే మాటను ఇంగ్లిషు వాక్యంలో పెట్టమంటే మాత్రం డిగ్రీ చదివినవారూ తడబడతారు.

అమ్మకానికి ఉంచిన సరుకే స్టాక్. సరుకుంటే ‘ఇట్ ఈజ్ ఇన్ స్టాక్’. అయిపోతే ‘ఇట్ ఈజ్ ఔటాఫ్ స్టాక్’. మనవాళ్లు తెలుగులో ఆలోచించి ‘స్టాక్ ఈజ్ నాట్ దేర్’ అనేస్తుంటారు. అర్థమవుతుంది కానీ దుకాణాల వాడుక అది కాదు. ఇంకో సంగతి. ఔటాఫ్ స్టాక్ అంటే ఇప్పటికి లేదు, మళ్లీ రావచ్చు అని. కంపెనీ ఆ సరుకు తయారీనే ఆపేస్తే ‘డిస్‌కంటిన్యూడ్’ అనాలి. ఒకదానికి బదులు మరొకటి చెబితే బేరం పోయినట్టే!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారికి ఇది బతుకుదెరువుకు సంబంధించిన మాట. దుబాయ్ సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దే పనిలో చేరితే, అడిగేవారు ఏ దేశంవారో తెలియదు. అందరినీ కలిపేది పొడిపొడి ఇంగ్లిషే. అక్కడ ‘నో, నో’ అని తల అడ్డంగా ఊపేకంటే ‘లెట్ మి చెక్ ద స్టాక్’ అంటే మర్యాద, పనిమంతుడన్న పేరు.

ఇంతకీ ఈ మాట ఎక్కడిది? పాత ఇంగ్లిషులో చెట్టు మొద్దును ఇలాగే పిలిచేవారు. ఒకప్పుడు ఇంగ్లండ్ ఖజానాలో లెక్కలను కర్రమీద గాట్లుగా పెట్టి, దాన్ని నిలువునా చీల్చేవారు. సొమ్ము ఇచ్చినవారి దగ్గరుండే పెద్ద ముక్క స్టాక్. 1834లో ఆ పాత కర్రలను పొయ్యిలో తగలబెడుతుంటే మంటలు లేచి పార్లమెంటు భవనమే కాలిపోయింది!

దుకాణంలో స్టాక్ నిండుగా ఉంటే కళ. సిరిసిల్లలో మాత్రం బట్ట స్టాక్ పేరుకుపోతే గుండెల్లో గుబులు. కొనేవారు లేకపోతే సాంచలు ఆగుతాయి, కార్మికుడికి కూలి ఉండదు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు కొన్నేళ్లు ఆ గుబులు తగ్గించాయి. అవి ఆగాక 2024 మొదట్లో పనిలేక ఎన్నో సాంచలు మూగబోయాయి. కొనేవారిని నిరాశపరిచే ‘ఔటాఫ్ స్టాక్’ అక్కడ తీపికబురు.

ఈ వారం సాధన: ఇంట్లో చక్కెర నిండుకుంటే ‘ఔటాఫ్ స్టాక్’ అనకండి, అది దుకాణం మాట. ‘వియ్ హావ్ రన్ ఔటాఫ్ షుగర్’ అనండి. ఆ తర్వాత పిల్లల్ని దుకాణానికి పంపి, ‘ఈజ్ షుగర్ ఇన్ స్టాక్?’ అని అడగమనండి!