పాత జాబితాలో దొరికిన మెరుపు

2017 ఆగస్టు 17న అమెరికాలోని లైగో పరికరాలు సుమారు నూరు సెకన్ల పాటు ఒక గురుత్వ తరంగాన్ని పట్టుకున్నాయి. అది ఆగిన 1.7 సెకన్లకు ఫెర్మి ఉపగ్రహానికి గామా కిరణాల మెరుపు తగిలింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయి. ఎక్కడ? ఇటలీలోని విర్గో పరికరం తోడైనా, నిండు చంద్రులు నూరుకు పైగా పట్టేంత ఆకాశాన్ని వెతకాల్సి వచ్చింది.

చిలీలోని లాస్ కంపానాస్ కొండ మీద ఉన్న స్వోప్ టెలిస్కోప్ అద్దం వ్యాసం ఒక్క మీటరే. ఆ బృందం ఆకాశమంతా జల్లెడ పట్టలేదు. తగిన దూరంలో ఉన్న గెలాక్సీల జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ ఫొటో తీస్తూ పోయింది. పదకొండు గంటలు గడిచేలోపే ఎన్‌జీసీ 4993లో కొత్త చుక్క కనిపించింది. బరువైన మూలకాలు పుడుతున్న జాడ దాని వెలుగులో బయటపడింది.

పదమూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఈ కటకాకార గెలాక్సీకి సర్పిలాల సొగసు లేదు. కొత్త నక్షత్రాలు పుట్టడం దాదాపు ఆగిపోయింది. 1789 మార్చిలో ఖగోళ శాస్త్రజ్ఞుడు విలియం హెర్షెల్ దీన్ని మసక మచ్చగా చూసి నమోదు చేశాడు. అన్న చూసినవాటిని రాసిపెట్టే చెల్లెలు కరోలిన్‌కు బ్రిటన్ రాజు ఏడాదికి 50 పౌండ్ల జీతం ఇచ్చేవాడు. ఖజానాకు అంత లాభసాటి ఖర్చు మరొకటి ఉండి ఉండదు! 1888లో ఖగోళ శాస్త్రజ్ఞుడు డ్రెయర్ ప్రచురించిన ఎన్‌జీసీ జాబితాలో ఆ మచ్చకు 4993 అనే అంకె దక్కింది.

హైదరాబాద్‌కూ ఇలాంటి చరిత్ర ఉంది. ప్రపంచ నక్షత్ర పట్టిక కోసం నిజామియా వేధశాల దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల పట్టీని ఫొటో ప్లేట్లపై కొలిచింది. ఎన్‌జీసీ 4993 ఆ పట్టీ దిగువ అంచుకు దగ్గర్లోనే ఉంటుంది.

మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో-ఇండియాకు కేంద్రం 2023లో సుమారు 2,600 కోట్లు మంజూరు చేసింది. మంచిదే. కానీ తరంగం వచ్చిన దిక్కు తెలిశాక చూసే కన్ను కావాలి, సరిపోల్చే జాబితా కావాలి. దూరం పెరిగేకొద్దీ నేటి జాబితాల్లో ఖాళీలే ఎక్కువ. ఆ ఖాళీలు నింపే పనికి జీతాలు, చిన్న టెలిస్కోపులకు నిర్వహణ నిధులు ఇదే పద్దులో చేర్చాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి జపాల్-రంగాపూర్‌లో ఉన్నది 48 అంగుళాల టెలిస్కోప్. చిలీ చీకటి అక్కడ లేకపోవచ్చు గానీ, అద్దం మాత్రం స్వోప్ కంటే పెద్దదే.