అందరికీ వెళ్లే మెయిలు

"ఈ ప్రకటన మనవాళ్లందరికీ వెళ్లాలి" అని మెయిల్ సర్వర్ చూసుకునేవారికి ఏదో ఒకరోజు పైనుంచి కబురొస్తుంది. వెంటనే అందరి చిరునామాలూ కలిపి ఒక గ్రూపు అడ్రసు తయారుచేస్తారు. ఆ అడ్రసుకు ఎవరెవరు రాయవచ్చన్నది మాత్రం చాలాచోట్ల ఎవరూ తేల్చరు. నా అభ్యంతరమంతా అక్కడే.

2016 నవంబరు 14న ఇంగ్లండులో అదే కొంప ముంచింది. అక్కడి ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఒకరు పరీక్ష కోసం పంపిన చిన్న మెయిలు సుమారు 8.4 లక్షల ఖాతాలకు చేరింది. అక్కడితో ఆగినా బాగుండేది. నాకెందుకు పంపారని కొందరు, నా పేరు తీసేయండని ఇంకొందరు, దయచేసి అందరికీ జవాబివ్వకండని మరికొందరు రాశారు. ఆ ఆఖరి మాట కూడా అందరికీ వెళ్లింది! గంటంబావులో దాదాపు 50 కోట్ల మెయిళ్లు తిరిగాయి. వైద్యులకు అవసరమైన అసలు మెయిళ్లు వాటి వెనక చిక్కుకుపోయాయి.

ఇది కొత్త జబ్బేం కాదు. 1997లో సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్‌లోనే సుమారు 13 వేలమంది ఉన్న గ్రూపులో ఇలాంటి తుపానే రేగింది. దండోరా వేసేది ఒక్కరే. విన్న ప్రతివారి చేతికీ డప్పు ఇవ్వరు కదా!

సర్వర్ మొరాయిస్తే సాయంత్రానికి లేస్తుంది. చిరునామాలు బయటపడితే ఏం చేస్తాం? తాలిబన్లు కాబూల్‌ను పట్టుకున్న మరుసటి నెలలో, 2021 సెప్టెంబరు 20న, బ్రిటన్ రక్షణశాఖ తరలింపుకు అర్హులైన 245 మంది అఫ్గాన్లకు మెయిలు పంపింది. చిరునామాలన్నీ ఒకరివి ఒకరికి కనిపించని బీసీసీలో కాకుండా 'టు' గడిలో పెట్టింది. ప్రతివారి చిరునామా మిగతా అందరికీ కనిపించింది. 55 మంది ఫొటోలు కూడా కనిపించాయి. ఇద్దరు అందరికీ జవాబిచ్చారు. వారిలో ఒకరు తామెక్కడున్నదీ రాసేశారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాక్కున్నవాళ్లు! గ్రూపు మెయిళ్లు ఎలా పంపాలో ఆ సిబ్బందికి ప్రత్యేకంగా ఏ నిబంధనలూ ఇవ్వలేదని విచారణలో తేలింది. 2023లో రక్షణశాఖకు 3.5 లక్షల పౌండ్ల జరిమానా పడింది.

జరిమానా పడింది శాఖ మీద. అదే న్యాయం. హడావుడిలో ఉన్న గుమాస్తా ప్రతిసారీ సరైన గడిలోనే టైపు చేస్తాడన్న నమ్మకంతో వ్యవస్థను నడపకూడదు. ప్రకటనల గ్రూపుకు రాసే హక్కు ఇద్దరు ముగ్గురికే ఉండాలి. మిగతావారు రాసింది ఒకరు చూసి ఒప్పుకున్నాకే కదలాలి. జవాబులు గ్రూపుకు కాకుండా ఒకే పెట్టెకు చేరాలి. పేర్లు బయటికి పొక్కకూడనిచోట బీసీసీని కూడా నమ్ముకోకుండా ఎవరి మెయిలు వారికి విడిగా పంపే సాఫ్ట్‌వేర్ వాడాలి. ఇవేవీ ఖరీదైన పనులు కావు. చాలా మెయిల్ సర్వర్లలో ఈ ఏర్పాట్లు ఇప్పటికే ఉన్నాయి.

మీ కాలేజీలోనో కంపెనీలోనో సర్వర్ మీ చేతిలో ఉంటే, అందరూ ఉన్న ఆ గ్రూపు సెట్టింగు ఈ రోజే తెరిచి చూడండి. దానికి ఎవరైనా రాయవచ్చని ఉంటే, తర్వాతి ప్రకటన వెళ్లకముందే మార్చేయండి.